బిడ్డ కడుపులో ఉండగా.. ఆపరేషనా!

గర్భిణికి కడుపునొప్పి అనగానే అందరి మనసూ కాన్పు వైపే పోతుంది. కానీ ఆ కడుపులో బిడ్డతో పాటు అపెండిక్స్ ఉంటుంది, పిత్తాశయం ఉంటుంది, పేగులుంటాయి, అండాశయాలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి తిరగబడినా నెలలు నిండేదాకా ఆగడం కుదరదు. అప్పుడు ఆపరేషన్ కంటే ఆలస్యమే ఎక్కువ ప్రమాదం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతులివి..

అపెండిసైటిస్‌కి మన పల్లెల్లో ఓ పేరుంది.. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి! ఆ పేరు పెట్టినవాళ్లెవరోగానీ జబ్బు గుట్టంతా అందులోనే చెప్పేశారు. గడియారం చూసుకుంటూ పరుగెత్తాల్సిన జబ్బు అది. మామూలు మనిషికే అలాగైతే గర్భిణికి ఇంకెంత తొందర ఉండాలి?

కానీ చాలా ఇళ్లల్లో జరిగేది అందుకు తలకిందులు. ఆరో నెల కోడలు కుడివైపు కడుపు పట్టుకుని కూర్చుంటే ‘గ్యాస్ పట్టింది బిడ్డా.. జర వాము నీళ్లు తాగు’ అంటుంది అత్త. నొప్పి తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి ఓ సూదిమందు వేస్తాడు. కాస్త నెమ్మదిస్తుంది. రాత్రికి మళ్లీ మొదలు. తెల్లారి మండల కేంద్రానికి వెళితే ‘కడుపుతో ఉంది కదమ్మా, జిల్లాకు తీస్కపోండి’ అంటారు. అక్కడ స్కానింగ్ చేసి ‘బిడ్డ బాగానే ఉంది’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. బిడ్డ బాగానే ఉంది సరే.. మరి తల్లి సంగతో? ఆమెకు జ్వరం వస్తోంది. వాంతులవుతున్నాయి. పేరులో ఉన్న ఆ ఇరవైనాలుగు గంటలూ ఎప్పుడో దాటిపోయాయి.

ఈ ఆలస్యం మన ఒక్కరిదే కాదు. వందేళ్ల క్రితం అమెరికాలోనూ ఇదే గొడవ. గర్భిణులకు అపెండిసైటిస్ వస్తే చనిపోతున్నది జబ్బు వల్ల కాదు, ఆలస్యం వల్ల అని 1908లోనే ఎడ్మండ్ బాబ్లర్ అనే వైద్యుడు రాశాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, స్కానింగ్ లేదు, రక్తనిధులు లేవు. ఇప్పుడు అవన్నీ ఉన్నాయి. అయినా బాబ్లర్ చెప్పిన మాటలో మాత్రం మార్పు లేదు.

పెద్దాపరేషన్‌కు లేని భయం..
గర్భిణులకు ఆపరేషన్ అంటేనే భయమా అంటే అదీ కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అయితే ఆ సంఖ్య 80 శాతం దాటింది. ముహూర్తం చూసుకుని మరీ పెద్దాపరేషన్ చేయించుకునేవాళ్లున్న జిల్లా ఇది! అదే అపెండిక్స్ కోసమో, మెలిపడిన అండాశయం కోసమో అయిదో నెలలో కోత పెట్టాలంటే మాత్రం ఇల్లంతా వణికిపోతుంది. ‘మత్తుమందుకు బిడ్డ ఆగుతదా సారూ?’ అన్న ప్రశ్న మొదట వస్తుంది. ‘కాన్పు అయినంక చేయరాదా?’ అన్నది రెండోది.

అటు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పరిస్థితి వేరు. సిజేరియన్లు రాష్ట్రంలోకెల్లా బాగా తక్కువగా జరిగే జిల్లాల్లో అదొకటి. సహజ కాన్పులు ఎక్కువన్నది సంతోషమే. కానీ నిజంగా ఆపరేషన్ అవసరమైన రోజున థియేటర్ ఎంత దూరంలో ఉందన్నది అక్కడి ప్రశ్న. ఒకచోట కత్తి అవసరానికి మించి తెగుతోంది.. మరోచోట అవసరానికి చేతికందడం లేదు. పాత ఉమ్మడి జిల్లాలు రెండూ గోదావరికి ఇటూ అటూ పక్కపక్కనే ఉన్నా, గర్భిణి కష్టం మాత్రం చెరో రకం.

కాన్పుతో సంబంధం లేని శస్త్రచికిత్స అవసరం సుమారు 500 మంది గర్భిణుల్లో ఒకరికి వస్తుందని వైద్యశాస్త్రం అంచనా. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. కానీ ఒక జిల్లాలో ఏడాదికి ఎన్ని వేల కాన్పులు జరుగుతాయో తలచుకుంటే.. ప్రతి నెలా ఏదో ఒక ఇంట్లో ఈ కష్టం తలుపు తడుతున్నట్లే.

అపెండిక్స్.. దాక్కునే దొంగ
గర్భిణులకు వచ్చే ఇలాంటి అత్యవసరాల్లో మొదటి స్థానం అపెండిసైటిస్‌దే. సుమారు 1500 గర్భాల్లో ఒకదానిలో కనిపిస్తుంది. చిక్కేమిటంటే దాని లక్షణాలన్నీ గర్భం లక్షణాల వెనకే దాక్కుంటాయి. వాంతులా? వేవిళ్లనుకుంటాం. ఆకలి లేదా? కడుపుతో ఉన్నప్పుడు మామూలే అనుకుంటాం. రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగితే ఇన్ఫెక్షన్ అని డాక్టర్లు గుర్తుపడతారు. కానీ గర్భిణికి ఏ జబ్బూ లేకపోయినా తెల్లకణాలు 16 వేల దాకా ఉండొచ్చు. అంటే ఆ పరీక్ష కూడా గట్టిగా సాక్ష్యం చెప్పదు!

గర్భసంచి పెరిగేకొద్దీ అపెండిక్స్ పైకి జరుగుతుందని 1932 నుంచీ పుస్తకాల్లో చెబుతూ వచ్చారు. నొప్పి పొట్ట పైభాగంలో, పక్కటెముకల కింద రావచ్చన్నది అందులోని సారాంశం. కొందరిలో అది నిజమే. అయితే ఎక్కువమందిలో నెలలు పెరిగినా నొప్పి కుడివైపు కిందిభాగంలోనే ఉంటుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపుకు దిగిన నొప్పి, కదిలితే, దగ్గితే ఎక్కువయ్యే నొప్పి ఏ నెలలో వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. అపెండిక్స్ పగలకముందే తీసేస్తే బిడ్డను కోల్పోయే ప్రమాదం 3 నుంచి 5 శాతం. పగిలి చీము కడుపులో పరచుకున్నాక అయితే 20 శాతం దాటి, కొన్ని లెక్కల్లో 35 శాతం దాకా పోతుంది. ఆపరేషన్ వల్ల బిడ్డకేమవుతుందో అని భయపడి ఆగినవాళ్లు, ఆగడం వల్లే బిడ్డను పోగొట్టుకునే ప్రమాదం అన్నమాట!

కడుపు శుభ్రమవుతుందని ఆముదం తాగించడం, ఎనిమా ఇవ్వడం ఇక్కడ ప్రాణాంతకం. పేగులు బలంగా కదిలితే వాచిన అపెండిక్స్ పగలొచ్చు. నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ సూదిమందు వేయించుకోవడమూ మంచిది కాదు. అలాంటి మందులు 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. అందుకే వాటిని వాడవద్దని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నెలలు ఇంకా పెరిగాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళాన్ని ముందే మూసేసే ప్రమాదమూ ఉంది.

పిత్తాశయం.. ఫంక్షన్ తిండి తర్వాత
రెండో స్థానం పిత్తాశయంలో రాళ్లది. గర్భం హార్మోన్లు పిత్తరసాన్ని చిక్కబరుస్తాయి. పిత్తాశయం కదలికను మందగింపజేస్తాయి. దాంతో రాళ్లు చేరతాయి. పెళ్లిలోనో, పండక్కో నూనె, మసాలా గట్టిగా తిన్న రాత్రి కుడి పక్కటెముకల కింద మొదలై భుజందాకా పాకే నొప్పి దీని గుర్తు. ఒకసారి వచ్చి పోయేదైతే తిండి జాగ్రత్తలతో, మందులతో నెట్టుకురావచ్చు. కానీ మళ్లీ మళ్లీ వస్తున్నా, జ్వరం తగిలినా, కళ్లు పచ్చబడినా కాన్పు దాకా ఆగమనడం పాత పద్ధతి. పిత్తాశయాన్ని తీసేయడమే మేలని ఇప్పటి సర్జన్లు అంటున్నారు. ఎందుకంటే రాయి జారి పాంక్రియాస్ వాస్తే తల్లికీ, బిడ్డకీ ఇద్దరికీ గండమే.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. అయిదో నెల దాటాక పొట్ట పైభాగంలో నొప్పితో పాటు తలనొప్పి, కళ్లు మసకబారడం, కాళ్లూ ముఖం వాపు ఉంటే ముందు బీపీ చూడాలి. అది రాయి నొప్పి కాకపోవచ్చు. బీపీ పెరిగి కాలేయం దెబ్బతింటున్న సూచన కావచ్చు. దాని వైద్యం పూర్తిగా వేరు.

మెలిపడితే.. అడ్డుపడితే..
గర్భం తొలి నెలల్లో అండాశయం మీద నీటి తిత్తులుండటం మామూలే. చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి. కొన్ని మాత్రం పెరిగి, బరువుకు అండాశయంతో సహా మెలిపడతాయి. తడిబట్ట పిండినట్లు రక్తనాళం నలిగిపోతుంది. ఉన్నట్టుండి ఒకవైపు కత్తితో పొడిచినట్లు నొప్పి, వెంటనే వాంతి.. ఇదీ దాని తీరు. గంటల్లో మెలి విప్పితే అండాశయం దక్కుతుంది. ఆగితే కుళ్లిపోతుంది.

ఇంకొకటి పేగులకు అడ్డంపడటం. ఇంతకుముందు కడుపు మీద ఏదైనా ఆపరేషన్ అయినవాళ్లలో లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. పెరిగే గర్భసంచి వాటిని లాగినప్పుడు పేగు ముడిపడుతుంది. కడుపు ఉబ్బరం, ఆగని వాంతులు, గాలి కూడా వెళ్లకపోవడం.. ఈ మూడూ కలిస్తే మలబద్ధకం అనుకుని కూర్చోకూడదు. పెద్దాపరేషన్లు ఇంత ఎక్కువైన కరీంనగర్ లాంటి జిల్లాలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. తొలి కాన్పులో పడిన కోత రెండో గర్భంలో ఇంకా కొన్ని చిక్కులు తేగలదు. పాత కుట్టు దగ్గరే మాయ అతుక్కుపోవడం, నొప్పుల్లో కుట్టు విడిపోవడం, అరుదుగా కుట్టులోనే గర్భం నిలవడం.. ఇవన్నీ అవసరం లేని తొలి సిజేరియన్‌కు వడ్డీలాంటివి. రెండోసారి గర్భం వచ్చినప్పుడు ‘మాయ ఎక్కడుంది, కుట్టుకు దగ్గరగా ఉందా?’ అని స్కానింగ్‌లో అడిగి తెలుసుకోవాలి.

నెల తప్పిందని తెలియకముందే..
గర్భిణి అని ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో వచ్చే గండం ఒకటుంది. పిండం గర్భసంచిలో కాకుండా ఫలోపియన్ ట్యూబులో నిలవడం. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆ సన్నని గొట్టం పగిలిందంటే కడుపులోపలే రక్తస్రావం. బయటికి కనిపించేది మాత్రం కాస్త మరక, అంతే! నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొనలో గుచ్చినట్లుండటం దాని గుర్తులు. భుజానికి దెబ్బ తగల్లేదే అనుకోవద్దు. కడుపులో చేరిన రక్తం డయాఫ్రం పొరను తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

పగిలిన ట్యూబును తీసేసి తల్లిని బతికించవచ్చని 1883లో ఇంగ్లండ్‌లో లాసన్ టెయిట్ అనే సర్జన్ చేసి చూపించాడు. అప్పటిదాకా ఈ గర్భం అంటే మరణమే. ఇవాళ పగలకముందు కనిపెడితే కొందరికి కోత కూడా అక్కర్లేదు, మందుతోనే తగ్గించవచ్చు.

మన దగ్గర దీన్ని దాచేసే పెద్ద అపోహ ఒకటుంది. ‘నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది కదా, గర్భమెట్లొస్తది?’ అని. తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో సగానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆ ఆపరేషన్ విఫలం కావడం చాలా అరుదు. కానీ విఫలమైతే మాత్రం గర్భం ట్యూబులో నిలిచే అవకాశం మామూలువారికంటే చాలా ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ అయిన మహిళకు నెల తప్పి, కడుపునొప్పి వస్తే ముందు మూత్రపరీక్ష చేయించాలి. మెడికల్ షాపులో దొరికే కిట్టు చాలు ఆ అనుమానం తీరడానికి.

బండి మీంచి పడితే..
రాజీవ్ రహదారి మీదో, నిర్మల్ ఘాట్ దారిలోనో, ఊరి బాటలో గుంతకో.. గర్భిణులు బైకు మీంచి పడటం అరుదేమీ కాదు. ‘చిన్న దెబ్బలే, లేచి నడిచింది’ అని ఇంటికి తీసుకొచ్చేస్తారు. ఇక్కడ శరీరం చేసే మోసం తెలియాలి. గర్భిణి ఒంట్లో రక్తం మామూలుకంటే 40 నుంచి 50 శాతం ఎక్కువ ఉంటుంది. అందుకే బాగా రక్తం పోయేదాకా బీపీ పడిపోదు. తల్లిని కాపాడుకోవడానికి శరీరం ముందు కోత పెట్టేది గర్భసంచికి వెళ్లే రక్తానికే. అంటే తల్లి బాగానే కనిపిస్తుండగానే బిడ్డ ఇబ్బంది పడుతుండొచ్చు. పడిన అదురుకు మాయ విడిపోవడమూ ఉంది. 20 వారాలు దాటిన గర్భిణి కింద పడితే, దెబ్బ కనిపించకపోయినా, కనీసం 4 గంటలపాటు దవాఖానాలో ఉంచి బిడ్డ గుండెను, గర్భసంచి బిగువును గమనించాలి. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేయించాలి.

ఆమెను పడుకోబెట్టే తీరులోనూ కిటుకుంది. అయిదో నెల దాటిన గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువంతా వెన్నెముక పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడుతుంది. గుండెకు చేరే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. కుడి నడుము కింద దిండు పెట్టి ఎడమవైపుకు ఒరిగేలా పడుకోబెట్టాలి. 108 వచ్చేలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగిన మంచి సాయం ఇదే. ఆపరేషన్ బల్లమీద కూడా డాక్టర్లు ఇలాగే ఒక పక్కకు వంచుతారు.

మత్తుకు బిడ్డ ఆగుతుందా?
ఇక అందరూ అడిగే ప్రశ్న. మత్తుమందు వల్ల బిడ్డకు అవకరం వస్తుందా? ఇప్పుడు వాడుకలో ఉన్న మత్తుమందులేవీ మామూలు మోతాదులో మనుషుల్లో పుట్టుక లోపాలు తెస్తాయని తేలలేదు. చిన్నపిల్లల్లోనూ, గర్భిణుల చివరి మూడు నెలల్లోనూ 3 గంటలకు మించి, లేదా పదేపదే మత్తు ఇవ్వడం గురించి జాగ్రత్త అవసరమని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. అపెండిక్స్, అండాశయం లాంటి ఆపరేషన్లు సాధారణంగా అంతసేపు సాగవు. అవసరమైన ఆపరేషన్‌ను ఆపమని ఆ హెచ్చరిక చెప్పనూ లేదు.

అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2019లో మరింత స్పష్టంగా చెప్పింది. తప్పనిసరి ఆపరేషన్‌ను గర్భం ఉందన్న కారణంతో ఏ నెలలోనూ నిరాకరించకూడదు, వాయిదా వేయకూడదు. ఆగగలిగినవైతే కాన్పు తర్వాతకు వాయిదా వేయాలి. ఆగలేనివైతే అప్పుడే చేయాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం కాస్త అనుకూలం. కానీ పగలబోయే అపెండిక్స్ క్యాలెండర్ చూసుకుని రాదు కదా!

ఎక్స్‌రే భయమూ ఇలాంటిదే. మొదట చేసేది అల్ట్రాసౌండ్. దానికి రేడియేషన్ ఉండదు. అందులో తేలకపోతే ఎమ్మారై, దానికీ రేడియేషన్ లేదు. ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. సీటీ స్కాన్ తప్పనిసరైనప్పుడు కూడా, ఒక్కసారి తీస్తే బిడ్డకు చేరేది సాధారణంగా హాని చేసే మోతాదుకన్నా తక్కువే. అయితే ఒక మాట.. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనబడలేదంటే జబ్బు లేదని కాదు, కనబడలేదని మాత్రమే అర్థం. నొప్పి అలాగే ఉంటే సర్జన్ మళ్లీ మళ్లీ చెయ్యిపెట్టి చూడాల్సిందే.

ల్యాప్రోస్కోపీ సంగతీ మారిపోయింది. గర్భిణులకు ఆరేడు నెలలు దాటితే అది కుదరదని ఒకప్పుడు అనేవాళ్లు. నేర్పున్న సర్జన్ ఉంటే ఏ నెలలోనైనా చేయవచ్చన్నది ఇప్పటి మాట. కాకపోతే రంధ్రాలు గర్భసంచి ఎత్తును బట్టి పైకి జరుపుతారు, కడుపులోకి పంపే గ్యాసు ఒత్తిడిని అదుపులో ఉంచుతారు. నేర్పు లేనిచోట మామూలు కోతే మంచిది. నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఉంటే, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అందుకే ఇలాంటి ఆపరేషన్‌కు సర్జన్ ఒక్కరే చాలరు. గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పుట్టిన బిడ్డను చూసే డాక్టరు, రక్తనిధి.. అన్నీ ఒకే కప్పు కింద ఉండాలి.

ఆ కప్పు ఎంత దూరం?
ఆదిలాబాద్‌కు ఒకప్పుడు ఆ కప్పు హైదరాబాద్‌లోనో, నాగ్‌పుర్‌లోనో ఉండేది. పట్నం దాదాపు 300 కిలోమీటర్లు. 2008లో రిమ్స్ వచ్చాక జిల్లా కేంద్రానికి ధైర్యం వచ్చింది. కరీంనగర్‌లో రెండు ప్రైవేటు వైద్య కళాశాలలు అంతకుముందే వచ్చాయి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలలో.. 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. ఒకప్పుడు రెండు జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల కూడా లేని చోట ఇది పెద్ద మార్పే.

కానీ బోర్డు మీద పేరు వేరు.. అర్ధరాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఉండటం వేరు. ఆసిఫాబాద్ లోపలి మండలాల్లో వానాకాలం వాగు పొంగితే అంబులెన్సు ఒడ్డునే ఆగిపోతుంది. గర్భిణిని మంచం మీద మోసుకుని వాగు దాటించిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. కాన్పుకైతే తేదీ తెలుసు, వారం ముందే రోడ్డున్న ఊరికి చేర్చవచ్చు. అపెండిక్స్‌కు తేదీ లేదు. అందుకే లోతట్టు గూడేల్లో గర్భిణికి తగ్గని కడుపునొప్పి వస్తే ‘రేపు చూద్దాం’ అన్న మాటే ఉండకూడదు. వాగు ఈ రాత్రి దాటగలమా, రేపు దాటగలమా అన్నదీ వైద్యంలో భాగమే అక్కడ.

ఆదిలాబాద్ గోండు, కొలాం పల్లెల్లో ఇంకో విషయముంది.. సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి నాళాల్లో ఇరుక్కున్నప్పుడు వచ్చే నొప్పి అచ్చం అపెండిసైటిస్‌లా ఉంటుంది. తెలియక కోస్తే ప్రమాదం. సికిల్ సెల్ నొప్పే అనుకుని నిజమైన అపెండిసైటిస్‌ను వదిలేసినా ప్రమాదమే. పైగా ఈ జబ్బున్నవారికి పిత్తాశయంలో రాళ్లు ఎక్కువ. ఆపరేషన్ చేయాల్సి వస్తే ఒళ్లు చల్లబడకుండా, నీరు తగ్గకుండా, ఆక్సిజన్ పడిపోకుండా చూసుకోవాలి. అందుకే గర్భం తెలిసిన వెంటనే ఈ పరీక్ష చేయించి ఫలితం కార్డు మీద రాయించాలి. 2023 జులైలో దేశవ్యాప్తంగా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పరీక్ష కోసం దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానాలో అడగండి.

‘దుబాయ్‌కి ఫోన్ చేసి చెప్తం’
అన్నీ ఉన్నా ఆలస్యం జరిగే చోటు ఇంకొకటుంది.. సంతకం. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో భర్తలు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లెన్నో. డాక్టరు ఆపరేషన్ అనగానే ‘కొడుకుకు ఫోన్ చేసి చెప్తం సారూ’ అంటాడు మామ. అక్కడ కొడుకు డ్యూటీలో ఉంటాడు. ఫోన్ ఎత్తడు. గంటలు గడిచిపోతాయి.

నిజానికి పద్దెనిమిదేళ్లు నిండి, తెలివిలో ఉన్న మహిళ తన ఆపరేషన్‌కు తానే ఒప్పుకుంటే చాలు. అంగీకారం ఇవ్వాల్సింది రోగే తప్ప ఆమె తరఫున తల్లి కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లోవాళ్ల మాట వినడం మన పద్ధతి. తప్పులేదు. కానీ ఆ మాట కోసం ప్రాణం ఆగదు. ప్రాణాపాయంలో ఉన్నవారికి ప్రాథమిక చికిత్స చేయకుండా పంపేయకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులోనూ అదే కోర్టు చెప్పింది. వేరే దవాఖానాకు పంపాల్సి వస్తే సెలైన్ పెట్టి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, చీటీ రాసి, అవతలి దవాఖానాకు ఫోన్ చేసి పంపమని అడగడం మీ హక్కు.

ముందే ఏం చేయాలి?
శ్రీమంతం చేసి గాజులు తొడిగే రోజున ఇంట్లో పెద్దలంతా ఒకచోట చేరతారు. పాటలూ, ఫొటోలూ అయ్యాక ఓ పది నిమిషాలు ఈ ముచ్చట మాట్లాడుకుంటే ఎంతో మేలు. తల్లి రక్తం గ్రూపేమిటి, ఆ గ్రూపు ఇచ్చేవాళ్లు బంధువుల్లో ఎవరున్నారు? అర్ధరాత్రి అయితే ఏ దవాఖానా.. అక్కడ సర్జన్, మత్తు డాక్టరు ఉంటారా? 108 ఆలస్యమైతే ఎవరి బండి? పాత ఆపరేషన్ చీటీలు, స్కానింగ్ రిపోర్టులు ఒకే సంచిలో ఉన్నాయా? ఆరోగ్యశ్రీ కోసం ఆధార్, రేషన్ కార్డు చేతికందేలా ఉన్నాయా? భర్త ఊళ్లో లేకపోతే నిర్ణయం ఎవరిదో ముందే చెప్పుకున్నారా?

బయల్దేరేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆపరేషన్ అవసరం కావచ్చనిపిస్తే గర్భిణికి తిండి పెట్టవద్దు, చాయ్ కూడా తాగించవద్దు. గర్భంలో పొట్ట ఖాళీ కావడం నెమ్మది. మత్తిచ్చేటప్పుడు తిన్నది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఏం తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో, ఏ సూదిమందు వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు
* నాలుగైదు గంటలైనా తగ్గని, లేదా అంతకంతకూ పెరిగే కడుపునొప్పి
* నొప్పితో పాటు జ్వరం, చలి, ఆగని వాంతులు
* నెల తప్పాక ఒకవైపు నొప్పి, మరక, కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి
* కడుపు ఉబ్బి, విరేచనం గానీ గాలి గానీ పోకపోవడం
* కళ్లు పచ్చబడటం
* కడుపు రాయిలా గట్టిపడి సడలకపోవడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం
* బిడ్డ కదలిక తగ్గిందనిపించడం
* కింద పడటం, పొట్టకు దెబ్బ తగలడం.. నొప్పి లేకపోయినా సరే!

2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోతున్నారు. దేశ సగటు అప్పట్లో 97. ఇంత దూరం వచ్చాం. మిగిలిన ఆ 43ను ఇంకా తగ్గించడానికి కాన్పు గదిలో జాగ్రత్తలొక్కటే చాలవు. కాన్పుతో సంబంధం లేని నొప్పినీ నొప్పిగా గుర్తించాలి. ‘బిడ్డ బాగుందా?’ అని అడిగే ప్రతిసారీ ‘తల్లికి ఏమైంది?’ అని కూడా అడగాలి. ఆ నెలల్లో బిడ్డ బతుకంతా తల్లి ఊపిరి మీదే. ఆమె నిలబడితేనే ఆ ఇంట్లో తొట్టెల ఊగుతుంది.